రాతి వసారాలో పుట్టిన మాట

ఎంతటి కష్టమొచ్చినా చలించని మనిషిని ఇంగ్లిషులో ‘స్టోయిక్’ అంటారు. మనమైతే ‘రాయిలాంటి మనిషి’ అంటాం. చిత్రమేమిటంటే, ఆ మాట పుట్టిందీ రాతి కట్టడంలోనే! గ్రీకులో ‘స్తోవా’ అంటే స్తంభాల వసారా. క్రీ.పూ. 300 ప్రాంతంలో సైప్రస్ దీవిలోని కితియొను నుండి వచ్చిన జెనో అనే తత్వవేత్త ఏథెన్సు సంతవీధి పక్కన, యుద్ధచిత్రాలతో అలంకరించిన ఒక వసారాలో బోధించేవాడు. అతని శిష్యులను మొదట జెనో పేరుతోనే పిలిచినా, తరువాత ఆ వసారా పేరే స్థిరపడింది. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో పౌలుతో వాదించిన స్తోయికులు ఈ కోవవారే.

అయితే వారు బొత్తిగా రాళ్లు కాదు. ఈ విషయంలో నేటి వాడుక వారికి కొంత అన్యాయమే చేసింది. జ్ఞాని ఆవేశాలకు లొంగకూడదన్నారే గాని సంతోషం, సదిచ్ఛ, జాగ్రత్త అతనికి ఉండవచ్చునన్నారు. దుఃఖానికి మాత్రం ఆ వరుసలో చోటివ్వలేదు. బానిసగా బ్రతికి, విడుదల పొంది గురువైన ఎపిక్టెటసు, ఏడ్చేవారిని మాటలతో ఓదార్చమన్నాడు, అవసరమైతే వారితో కలిసి మూలగవచ్చునన్నాడు. లోపల మాత్రం మూలగవద్దని హెచ్చరించాడు.

ఇప్పుడు యోహాను సువార్త 11వ అధ్యాయం తెరవండి. లాజరు కోసం యేసు ప్రభువు మూలిగింది ఎక్కడ? తన ఆత్మలోనే, లోలోపలే (11:33, 38)! కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని ఎరిగి కూడా ఆయన కన్నీళ్లు విడిచాడు. పౌలు సంగతీ అంతే. ఫిలిప్పీ 4:11లో సంతృప్తిని గురించి అతడు వాడిన గ్రీకు మాట స్తోయికులకు ఎంతో ప్రియమైనది. అదే పత్రికలో, ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని దాచకుండా రాశాడు (2:27).

మరి మన సంఘాల్లో జరుగుతున్నదేమిటి? భర్తను పోగొట్టుకున్న సోదరి భూస్థాపన నాడు ఏడిస్తే, ‘విశ్వాసులు ఏడవకూడదమ్మా, ఊరుకో’ అని గద్దించే పెద్దలను మేము చాలాచోట్ల చూశాము. కన్నీరు పెట్టని ఆమెనేమో ఆదరణ కూడికలో ‘ఎంత గొప్ప విశ్వాసమో!’ అని మెచ్చుకుంటారు. వాక్యం బాగా తెలిసినవారే, పాపం! ఆధారమడిగితే 1 థెస్సలొనీక 4:13 చూపిస్తారు. నిరీక్షణ లేని ఇతరుల్లాగా దుఃఖపడవద్దన్నది ఆ వచనం. అసలు దుఃఖమే పడవద్దని అందులో ఎక్కడుంది?

అలా ఊరుకున్న సోదరి ఏడుపు మానేస్తుందా? బంధువులంతా వెళ్లిపోయాక, నెల తిరిగేసరికి, వంటగదిలో ఒంటరిగా ఏడుస్తుంది. పక్కన కూర్చోవడానికి అప్పుడు సంఘంలో ఎవరూ ఉండరు, ఎందుకంటే ఆమె ధైర్యంగానే ఉందని అందరికీ సాక్ష్యం చెప్పేశాం!