ఇస్త్రీ బండాయనకు తెలిసిన దారి

"సార్, లొకేషన్ దగ్గరికి వచ్చేశాను, ఇక్కడ గోడ ఉంది" అంటాడు డెలివరీ కుర్రాడు ఫోన్లో. బాల్కనీలోకి వెళ్లి చూస్తే వెనక సందులో ఉంటాడు, బండి మీంచి ఒక కాలు కింద ఆనించి. మధ్యలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. ఉపగ్రహం నుంచి తిన్నగా రావలసిన సంకేతం ఏ గోడకో తగిలి చుట్టుతిరిగి వచ్చి ఉంటుంది. అది వచ్చే సమయంలో సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే లెక్క 300 మీటర్లు తప్పుతుంది. మనకు తప్పింది ఒక్క సందే, నయం.

ఇలాంటి యాప్‌లు రాసే పిల్లలు ఏ ఉపగ్రహ వ్యవస్థను నమ్ముకోవాలి? అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైదూ, మన నావిక్. ఒకదాన్ని ఖాయం చేసుకుని తక్కినవి వద్దనడానికి ఇదేం పెళ్లి సంబంధం కాదు. ఫోన్లో చిప్పే వీలైనన్నిటినీ కలిపి లెక్క కడుతుంది. ఇరుకు సందులో ఆకాశం ఒక చీలికే కనబడుతుంది కాబట్టి ఎన్ని ఉపగ్రహాలు దొరికితే అంత మేలు.

ఒక్కరినే నమ్ముకుంటే ఏమవుతుందో జీపీఎస్ చరిత్రలోనే ఉంది. 2000 మే దాకా అమెరికా సామాన్యులకిచ్చే సంకేతాన్ని కావాలనే మసకబార్చేది. 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. అందుకే సొంతది ఉండాలి. 2013 జులైలో శ్రీహరికోట నుంచి మన తొలి నావిక్ ఉపగ్రహం ఎగిరింది. తర్వాత దానిలోని దిగుమతి అణు గడియారాలు మూడూ మొరాయించాయి. 2023లో వెళ్లిన ఎన్‌వీఎస్-01 అనే నావిక్ ఉపగ్రహంలో ఇక్కడే చేసిన గడియారం పెట్టారు. మామూలు ఫోన్లు సులువుగా అందుకునే ఎల్-1 సంకేతమూ చేర్చారు. 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 మాత్రం చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. నావిక్ మీద అభిమానం ఉండాల్సిందే. ప్రస్తుతానికి దాన్ని అయిదింటిలో ఒకటిగా వాడుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

యాప్ రాసేవారి చేతిలో నిజంగా ఉన్న ఎంపిక ఇంకొకటుంది. చోటుతో పాటు ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చో కూడా ఫోన్ చెబుతుంది. ఆండ్రాయిడ్ లెక్కలో అన్ని మీటర్ల గిరి గీస్తే దాని లోపల మనం ఉండే అవకాశం 68 శాతమే. అంటే మూడింట ఒకసారి గిరి బయటే! చాలా యాప్‌లు ఆ అంకెను పక్కన పడేసి, మేకు దిగ్గొట్టినట్టు ఒక గుర్తు పెట్టేస్తాయి. "ఈ చుట్టుపక్కలే, ఒకసారి అడగండి" అనే మాట తెర మీద రాయడానికి ఎందుకో నామోషీ.

అడగడానికి మా వెనక సందులో ఇస్త్రీ బండాయన ఉన్నాడు. సంచీ తగిలించుకున్న బండి మలుపు తిరగగానే, ప్రశ్న కోసం ఆగడు. చేతిలో ఇస్త్రీపెట్టెతోనే మా గేటు వైపు చూపిస్తాడు.