హెరాల్డ్ ఇంజనుకి లాప్‌టాప్ తగిలిస్తే

పాతకార్ల పిచ్చి ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనాల్లో రెండు ముఠాలున్నాయి. కారులో ఒక్క బోల్టు మార్చినా మహాపచారం అనేవాళ్ళు ఒకవైపు. డిస్ట్రిబ్యూటర్ పీకేసి ఆ చోట ఓ చిన్న కంప్యూటర్ పెట్టి, స్పార్క్ ఎప్పుడు పడాలో లాప్‌టాప్‌లో టేబుల్ రాసుకునేవాళ్ళు ఇంకోవైపు. నా ఓటు రెండోవాళ్ళకే. కాకపోతే వీళ్ళలో కొందరు చేసే పని చూస్తే భయమేస్తుంది. ఎక్కడో ఇంగ్లండులో ఎవరో తన కారుకోసం రాసుకున్న టేబుల్‌ని దించుకుని, అలాగే తమ ఇంజనులోకి ఎక్కించేస్తారు. ఆఫీసులో వేరేవాళ్ళ కోడు చదవకుండా ప్రొడక్షన్‌లో పెట్టేవాణ్ణి మనం ఏమంటామో మీకు తెలుసు.

ముందు కారు సంగతి. స్పోర్ట్స్ కార్లు మన ఊళ్ళలో ఎక్కడివి అనుకుంటాం గానీ, వాటి చుట్టం ఒకటి మనమధ్యే తిరిగింది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్. అది బ్రిటన్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డే. దాని ఛాసిస్‌నే కురచ చేసి, అదే కుటుంబంలోని ఇంజనుని 1147 సీసీకి పెంచి, ట్రయంఫ్ వాళ్ళు 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. మన హెరాల్డ్‌ది 948 సీసీ. రెండు కార్ల రూపమూ గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టీయే. అందుకే స్పిట్‌ఫైర్ వాళ్ళు ఇగ్నిషన్ మీద చేసిన ప్రయోగాలన్నీ హెరాల్డ్ ఉన్నవాళ్ళకి పనికొస్తాయి. కామవరపుకోటలో మా బాబాయి దగ్గర ఒకటుంది. పొగాకు క్యూరింగ్ మానేసిన బ్యారన్‌లో, టార్పాలిన్ కింద.

ఇంతకీ టైమింగ్ అంటే ఏమిటి? పెట్రోలు ఆవిరి స్పార్క్ పడగానే ఠపీమని పేలిపోదు, మండటానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ మంట ఒత్తిడి పిస్టన్ పైకొచ్చి కిందకి దిగడం మొదలెట్టిన కాసేపటికి, అంటే టీడీసీ దాటిన 10–15 డిగ్రీల దగ్గర, గరిష్ఠానికి చేరాలి. కాబట్టి స్పార్క్‌ని ముందే వెయ్యాలి. 1000 ఆర్‌పీఎమ్ దగ్గర మిల్లీసెకనుకి క్రాంకు 6 డిగ్రీలు తిరుగుతుంది, 3000 దగ్గర 18 డిగ్రీలు. స్పీడు పెరిగేకొద్దీ అడ్వాన్స్ పెరగాలి. సిలిండర్లో గాలి సుడులు తిరగడం కూడా పెరిగి మంట త్వరగా పాకుతుంది కనక, ఒక హద్దు దాటాక ఆ పెరుగుదల ఆగిపోవాలి.

ఈ లెక్కంతా 60 ఏళ్ళ కిందట రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు చేశాయి. డిస్ట్రిబ్యూటర్ లోపల బరువులు విసురుకి బయటికి జరుగుతాయి, స్ప్రింగులు వాటిని ఆపుతాయి, ఆ మేరకు స్పార్క్ ముందుకి వెళ్తుంది. పక్కనుండే వాక్యూమ్ డబ్బా తక్కువ లోడులో ఇంకొంచెం కలుపుతుంది. నా దృష్టిలో అది కూడా ప్రోగ్రామే, ఇనుముతో రాసింది. దాన్లో కంప్యూటర్ రావడం వల్ల కొత్తగా పుట్టిన అపచారం ఏమీ లేదు. ఉన్న చిక్కల్లా, ఆ ప్రోగ్రాము ఏ పెట్రోలుకి రాశారో ఆ పెట్రోలు ఇప్పుడు లేదు. స్ప్రింగులు సాగిపోయాయి. బుష్‌లు అరిగి షాఫ్ట్ ఊగుతుంటే స్పార్క్ ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. పైగా డిస్ట్రిబ్యూటర్ తిరిగేది క్రాంకు వేగంలో సగమే, అక్కడ ఒక డిగ్రీ తప్పితే క్రాంకు దగ్గర రెండు తప్పుతాయి.

పెట్రోలు దగ్గర కాస్త ఆగాలి. లెడ్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరితో పోయింది. ఆ తర్వాత ఇథనాల్ వచ్చింది. 20 శాతం కలిపిన ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025కల్లా దేశమంతా అదే అయింది. మొదట చెరుకు నుంచి, తర్వాత ఎక్కువగా మొక్కజొన్న నుంచి తీస్తున్నారు. మా మెట్టలో పండిన మొక్కజొన్న కూడా కాస్త ఆ ట్యాంకుల్లోకి చేరుతుందేమో మరి :) ఆ ఏడాది ఆగస్టులో మైలేజీ గొడవ పెద్దదైనప్పుడు ప్రభుత్వం, ఈ20 వల్ల మామూలు పెట్రోలు ఆక్టేన్ 91 నుంచి 95కి పెరిగిందని చెప్పింది. అది చదివి "ఆక్టేన్ పెరిగింది, ఇంకేం, అడ్వాన్స్ పెంచేద్దాం" అనేవాళ్ళు నాకు ఇద్దరు తగిలారు.

తప్పక్కడే ఉంది. ఆక్టేన్ అంటే ఇంధనం తనంతట తాను అంటుకుని ఇంజనుని కొట్టకుండా ఎంతవరకు ఓర్చుకోగలదో చెప్పే అంకె. అడ్వాన్స్ పెంచడానికి అది అనుమతి ఇస్తుందేమో గానీ, పెంచితే పవర్ వస్తుందని ఎక్కడా చెప్పదు. ప్రతి స్పీడు దగ్గరా, ప్రతి లోడు దగ్గరా ఒక అంకె వరకే టార్క్ పెరుగుతుంది. దాన్ని దాటితే మంట పైకొస్తున్న పిస్టన్‌నే వెనక్కి నెడుతుంది. మరో సంగతి కూడా ఉంది. మామూలు పెట్రోలుకి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. కార్బ్యురేటర్‌కి ఇదేం తెలుసు? పాత జెట్‌తో అదే లెక్కన పోస్తుంది కాబట్టి మిశ్రమం 8 శాతం దాకా పల్చబడుతుంది. పికప్ తగ్గిందనో, ఇంజను వేడెక్కుతోందనో మనం టైమింగ్‌ని తిట్టుకుంటాం. జెట్ మార్చకుండా టేబుల్ తిప్పడం, డేటాబేసులో ఇండెక్సు లేకపోతే సర్వరుకి ర్యామ్ పెంచినట్టే. ముందు జెట్, పెట్రోలు పైపుల రబ్బరు, ఆ తర్వాతే టైమింగ్.

ఇక కంప్యూటర్ సంగతి. స్పిట్‌ఫైర్ లాంటి కార్లవాళ్ళలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. క్రాంకు పుల్లీకి 36 పళ్ళు పట్టేచోట ఒకటి తీసేసిన చక్రం బిగిస్తారు. పక్కన ఒక సెన్సర్. ఫోర్డ్ కార్ల నుంచి తీసిన ఎడిస్ మాడ్యూల్, దానికి ఎంత అడ్వాన్సో చెప్పే మెగాజోల్ట్ అనే చిన్న పెట్టె. అందులో స్పీడు ఒకవైపు, లోడు ఇంకోవైపు, 10 అడ్డం 10 నిలువు, మొత్తం 100 గడులు. మధ్య విలువలు అదే లెక్కేసుకుంటుంది. ఆర్డుయినో మెగా మీద నడిచే స్పీడుయినో ఓపెన్ సోర్స్ కూడా. కోడు చదువుకోవచ్చు, మనవాళ్ళకి అంతకంటే కావలసిందేముంది?

ఇదంతా నేను లాప్‌టాప్‌లో చూపిస్తుంటే, మా ఊరి పాత మెకానిక్ ఒకాయన ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "బాగానే ఉంది బాబుగారూ, మరి పిస్టన్ పైకెక్కడికొచ్చిందో దీనికెవరు చెబుతారండీ?"

మొత్తం వ్యవహారం ఈ ప్రశ్నలోనే ఉంది. 36 పళ్ళంటే పంటికి 10 డిగ్రీలు. చక్రం ఒక పన్ను అటో ఇటో బిగించారనుకోండి, 100 గడుల్లోనూ 10 డిగ్రీల తప్పు. తెరమీద మాత్రం అన్నీ చక్కగా, రంగురంగులుగా కనిపిస్తాయి. మనం రోజూ చూసే ఒకటి-తేడా బగ్గే ఇది, కాకపోతే దీనికి పిస్టన్ కరిగిపోతుంది. పుల్లీ మీద ఉన్న పాత గీతని నమ్మినా లాభం లేదు, ఎవరు ఎప్పుడు ఏ పుల్లీ మార్చారో. ఆయన చేసిన పని చూడండి. ప్లగ్ తీసి, ఆ కన్నంలో గట్టిగా నిలబడే అడ్డు ఒకటి బిగించాడు. క్రాంకుని చేత్తో మెల్లగా ఒకవైపు తిప్పితే పిస్టన్ అడ్డుకి తగిలి ఆగింది, అక్కడ పుల్లీ మీద ఒక గీత. రెండోవైపు తిప్పితే మళ్ళీ ఆగింది, ఇంకో గీత. రెండు గీతలకీ సరిగ్గా మధ్యలో టీడీసీ. ఖర్చు లేదు, అనుమానమూ లేదు. కుర్రతనంలో పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పెట్టి, అది వదులయ్యే క్షణాన్ని పట్టుకుని టైమింగ్ కట్టిన చేతులవి. ఆ గీత దగ్గర స్ట్రోబ్ లైటు కొట్టి, కంప్యూటర్ 10 అంటే నిజంగా 10 పడుతోందా అని చూసుకున్నాకే మిగతా మాటలు.

తర్వాత టేబుల్. ఇంగ్లండు టేబుల్ మనకి ఎందుకు పనికిరాదో మే నెలలో ఏలూరు వైపు వస్తే తెలుస్తుంది. బయట 44 డిగ్రీలున్నప్పుడు బానెట్ కింద గాలి ఎంత వేడిగా ఉంటుందో ఊహించుకోండి. లోపలికి వేడిగాలి వెళ్తే ఇంజను త్వరగా కొట్టుకుంటుంది. 18 డిగ్రీల చల్లటి మధ్యాహ్నం ఎవరో అంచుదాకా పెంచి రాసుకున్న గడి మనకి అంచు దాటేసినట్టే. మావైపు డైనో లేదు గానీ మెట్ట రోడ్లున్నాయి. కామవరపుకోట నుంచి గుంటుపల్లి గుహల వైపో, ద్వారకాతిరుమల వైపో, ఎత్తు వచ్చినచోట పై గేరులోనే ఉంచి తక్కువ స్పీడులో యాక్సిలరేటర్ నొక్కితే, గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడొస్తుందేమో వినాలి. వస్తే ఆ గడులు రెండు మూడు డిగ్రీలు వెనక్కి. ఇది మధ్యాహ్నం ఎండలోనే చెయ్యాలి, తెల్లవారుజామున కాదు. ఎక్కువ స్పీడులో వచ్చే కొట్టుడు రోడ్డు రొదలో వినపడనే వినపడదు, అందుకని అక్కడి గడుల్లో ధైర్యం చెయ్యకూడదు. పాత డిస్ట్రిబ్యూటర్ లెక్కకన్నా తక్కువగానే ఉంచి, అదే రోడ్డు మీద అదే గేరులో స్టాప్‌వాచీతో కొలుచుకుంటూ ఒక్కో డిగ్రీ పెంచాలి. సమయం తగ్గడం ఆగిపోయినచోట మనమూ ఆగిపోవాలి.

ఏడాదికి రెండు పెళ్ళిళ్ళకి తిప్పే కారైతే ఇదంతా అక్కర్లేదని కూడా చెప్పాలి. మంచి పాయింట్లు, అరగని బుష్‌లు, సరైన జెట్ చాలు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి దానిమీదే ఊరెళ్దామనుకునేవాళ్ళకే ఈ శ్రమ దక్కుతుంది.

అపచారం ముఠా వాళ్ళ వాదనలో ఒక్కటి మాత్రం నేను కొట్టెయ్యలేను. 2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు జరగని బండికే ఆ గుర్తింపు, వీఏ వరస నంబరు. ఆ గుర్తింపు తీసుకుంటే రోజువారీ తిప్పుకోవడానికి వీల్లేదనుకోండి, అది వేరే సంగతి. కాబట్టి ఏదీ కొయ్యకుండా, ఏ కన్నమూ కొత్తగా పొడవకుండా, బోల్టులు విప్పితే వెనక్కి పోయేలా పని చేయించండి. ఎడిస్‌కి ఒక మంచి గుణం ఉంది: కంప్యూటర్ నుంచి సంకేతం ఆగిపోతే 10 డిగ్రీల దగ్గర స్థిరంగా స్పార్క్ వేస్తూ, ఈసురోమంటూ అయినా ఇల్లు చేరుస్తుంది. ఎడిసే పోతే అదీ లేదు. అందుకని బాబాయి కారు డిక్కీలో పాత డిస్ట్రిబ్యూటర్, కాయిల్, వైర్లు, పది నంబరు స్పానరు ఓ నూనెగుడ్డలో చుట్టి పెట్టే ఉంచాం.