డ్రమ్ము గుణం, మనిషి పని

పటాన్‌చెరు వైపు రసాయన ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. షిఫ్టు ఎక్కే ముందు కార్మికులను నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడం నా పని. చేతిలోని ఇంగ్లిష్ కాగితంలో హజార్డ్, రిస్క్ అని రెండు మాటలుండేవి. రెండింటినీ ‘ప్రమాదం’ అనే చెప్పేవాణ్ని. యాక్సిడెంట్ కూడా ప్రమాదమే. ఒకరోజు హెల్పరొకడు అడిగాడు: “సార్, అన్నీ ప్రమాదమే అంటున్నరు. మరి ఇండ్ల నేను చేసేదేంది?” ఏం చెప్పాలో తోచలేదు.

టాలుయిన్ డ్రమ్మునే తీసుకోండి. నిప్పంటుకోవడం దాని గుణం. మూతపెట్టి గోదాములో ఉంచినా ఆ గుణం పోదు. అది హజార్డ్. మూత తీసి, ఎర్తింగ్ క్లిప్పు పెట్టకుండా వంచితే, పక్కనే వెల్డింగ్ నడుస్తుంటే, చుట్టూ నలభై మంది ఉంటే పెరిగేది రిస్క్. దాన్ని పెంచేదీ మనమే, తగ్గించేదీ మనమే.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. పొట్టకూటికి ఒడిశా, బిహార్ల నుంచి వచ్చినవాళ్లూ వారిలో ఉన్నారు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, మాత్రల్లో కలిపే తెల్లటి పొడి. మింగినవాడికి ఏమీ కాదు. అలాంటి పొడే సన్నటి దుమ్ముగా గాలిలోకి లేచి నిప్పురవ్వ తగిలితే పేలగలదు. ఆనాటి పేలుడుకు కారణం తేల్చాల్సింది దర్యాప్తు. నా బాధ మాటతోనే. ‘ప్రమాదం జరిగింది’ అనగానే చేసినవాడెవడూ లేనట్టు, పిడుగేదో పడ్డట్టు వినిపిస్తుంది. సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. ఏమరింది ఎవరన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. వాడి వాడి దాన్ని మరిచిపోయాం.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41బి సెక్షన్, అపాయాలనూ వాటికి తీసుకోవాల్సిన జాగ్రత్తలనూ యాజమాన్యం కార్మికులకు చెప్పి తీరాలంది. గేటు దగ్గర ‘అపాయం’ అని బోర్డు తగిలిస్తే అందులో సగమే చెప్పినట్టు. సరుకు గుణమేంటి, ఈ షిఫ్టులో రిస్క్ ఎక్కడుంది, తగ్గించాల్సింది ఎవరు అన్నది తెలుగులో, హిందీలో, ఒడియాలో విడివిడిగా చెప్పాలి.

ఆ హెల్పరు ఇప్పుడు కనిపిస్తే చెబుతాను: మండే గుణం డ్రమ్ముది తమ్మీ. క్లిప్పు పెట్టడం నీ పని. పెట్టావో లేదో చూడటం నా పని. ఆ క్లిప్పు కొనివ్వడం యజమాని పని.