టైరు మీద మచ్చ, బ్రేకులో జబ్బు: రవాణా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,



కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరికాయ ఎక్కించుకున్న లారీ రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేలోపు చాలాచోట్ల కాలవ గట్టునే నడవాలి. ఒకపక్క నీళ్లు, మరోపక్క తోటలు, ఎదురుగా ఆటోలు, గేదెలు, బడిపిల్లల సైకిళ్లు. ఇక్కడ డ్రైవరుకు బ్రేకే దిక్కు. ఆ బ్రేకు బాగోలేదని ముందుగా చెప్పేది టైరు. మన తనిఖీల్లో దాని మాట వినేవారు లేరని ఈ లేఖ.

చుట్టూ గాడులు నిండుగా ఉండి, ఒక్కచోట మాత్రం చెక్కేసినట్టు బల్లపరుపుగా అరిగిన లారీ టైర్లు పంక్చరు షాపులకు కొత్త కాదు. చక్రం తిరగడం ఆగిపోయి బండి మాత్రం జారుకుంటూ పోతే, రోడ్డుకు ఆనిన ఆ జానెడు రబ్బరే మొత్తం రాపిడిని భరిస్తుంది. ఆ మచ్చ రావడానికి కొన్ని క్షణాలు చాలు. ఇక అక్కడినుంచి 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదుసార్లు ఆ చోటు రోడ్డును కొడుతూనే ఉంటుంది. బేరింగులు, కమాను కట్టలు దెబ్బతింటాయి. లోపలి తీగలు బయటపడితే టైరు పేలిపోవచ్చు.

రాత్రంతా లోడుతో నిలబడ్డ నైలాన్ టైరుకు వచ్చే చదును వేరు. కొంతదూరం నడిచి టైరు వేడెక్కితే అది సర్దుకుంటుంది. రాపిడికి పోయిన రబ్బరు తిరిగి రాదు.

మచ్చ కనబడగానే డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కాడంటారు. కొన్నిసార్లు అది నిజమే. వానలో ముందు బండికి ఆనుకుని నడిపితే అంతే. కానీ పది టైర్ల బండికి ఆరు చోట్ల బ్రేకులుంటాయి. ఒకచోట బ్రేకు బిగువును సరిచేసే స్లాక్ అడ్జస్టర్‌ను ఎక్కువ బిగిస్తే, మిగిలిన ఐదూ అందుకునేలోపే ఆ చక్రం పట్టేస్తుంది. 2018 నుంచి లోడుతో కలిపి 28.5 టన్నుల దాకా తూగే అనుమతి ఉన్న ఈ బండి, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అందులో మూడో వంతు బరువు కూడా తూగకపోవచ్చు. నిండు లోడును ఆపడానికి చేసిన బ్రేకు ఖాళీ బండి మీద పడితే వెనక చక్రాలు ఇట్టే ఆగిపోతాయి. దీన్ని అడ్డుకోవడానికే కొత్త భారీ లారీలకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. డాష్‌బోర్డులో దాని దీపం నెలల తరబడి వెలుగుతున్నా పట్టించుకోకపోతే, ఏబీఎస్ ఉండీ లేనట్టే.

కోనసీమ తేమ ఇంకో కారణం. వానాకాలంలో, గోదావరి వరదలప్పుడు కదలకుండా నిలిపిన బండిలో డ్రమ్ములు తుప్పుపట్టి లైనర్లు అతుక్కుంటాయి. ఎయిరు పూర్తిగా నిండకుండానో, అతుక్కున్న చక్రాన్ని చూసుకోకుండానో బండి లాగితే, ఖాళీ బండి వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతుంది. ఇక్కడ డ్రైవరు గట్టిగా తొక్కిందేమీ లేదు. అయినా టైరు ఖరీదు అతని జీతంలో కోసే యజమానులున్నారు.

నిబంధనల ప్రకారం లారీ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మంచిదే. కానీ గేజీ పెట్టిన చోట లోతు బాగుండి, మచ్చ నేలకు ఆనుకుని ఉంటే ఆ టైరు పాసవుతుంది. మచ్చ పడ్డ టైరును వెనక జంటలో లోపలికి మార్చేయడం ఈ రంగంలో అందరికీ తెలిసిన చిట్కా. వంగి టార్చి వేస్తే తప్ప అది కనబడదు. కనబడ్డా జరిమానా రాసి వదిలేస్తే యజమాని టైరు మారుస్తాడు, బ్రేకు అలాగే ఉంటుంది. కొత్త టైరుకూ అదే గతి.

అందుకే నాలుగు విన్నపాలు.

ఒకటి, ఫిట్‌నెస్ పరీక్షలో బండిని కాస్త ముందుకు కదిపి, లోపలి వరసతో సహా ప్రతి టైరునూ చుట్టూ చూడాలి. ఇందుకు కొత్త యంత్రం అక్కర్లేదు.

రెండు, కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చిన ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో రోలర్ల మీద ప్రతి చక్రం బ్రేకు బలాన్ని విడిగా కొలుస్తారు. ఆ లెక్కను చక్రాలవారీగా, తెలుగులో, డ్రైవరు చేతికివ్వాలి. పాస్, ఫెయిల్ అన్న ఒక్క మాట మెకానిక్కుకు దారి చూపదు.

మూడు, ఎనిమిదేళ్లలోపు లారీకి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారే. ఈలోగా రోడ్డు మీద తనిఖీలో మచ్చ దొరికితే, టైరుతోపాటు ఆ చక్రం బ్రేకునూ బాగుచేయించి మళ్లీ చూపించాలని రాసివ్వాలి. ఏబీఎస్ దీపం వెలిగే బండికీ ఇదే వర్తించాలి.

నాలుగు, హెవీ లైసెన్సు శిక్షణలో ఖాళీ బండిని తడి రోడ్డు మీద ఆపడం, నిలిచిన బండి బ్రేకులు వదిలాయో లేదో చూసుకోవడం నేర్పాలి.

మొదటిదానికి మీ సంతకంతో ఒక సర్క్యులర్ చాలు. వచ్చే వానలలోపు అది జిల్లా కార్యాలయాలకు చేరేలా చూడండి. మిగతా మూడింటికి గడువు ప్రకటించండి.

ఇట్లు,
అంబాజీపేట నుంచి ఒక లారీ రవాణాదారు