లేదు - తేలేదు

తెలుగులో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే అర్థం తల్లకిందులవుతుందని క్లాసులో చెబితే పిల్లలు ఆవలిస్తారు. ఆ అక్షరం ఖరీదు నాలుగువేల అయిదువందల రూపాయలని చెప్పి చూడండి, వెనక బెంచీవాడు కూడా నిక్కి కూచుంటాడు.

'లైసెన్సు లేదు', 'లైసెన్సు తేలేదు' - ఈ రెంటికీ భేదం మోటారు వాహనాల చట్టానికి బాగా తెలుసు. మొదటిది 181వ సెక్షను. అసలు లైసెన్సే లేకుండా బండి నడపడం. 2019 సవరణ తరవాత దానికి 5,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా ఖైదు, లేదా రెండూను. రెండవది, వున్న లైసెన్సును అడిగినప్పుడు చూపలేకపోవడం. దానికి ప్రత్యేకించి శిక్ష రాయలేదు గనక 177వ సెక్షను కింద మొదటిసారి అయితే 500 దాకా.

మా నూజివీడు ప్రాంతంలో వేసవి వచ్చిందంటే రోడ్డు మీద బళ్ళకు లెక్కుండదు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి - అన్నీ ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్టుకు పరుగెత్తవలసిందే. కాయ కోశాక ఆగదు కదా! నా పాత శిష్యుడొకడు 2025 వేసవిలో తండ్రి కౌలుకు తీసుకున్న తోట కాయను చిన్న ట్రాలీలో వేసుకుపోతూ తనిఖీలో దొరికాడు. లైసెన్సు ఫోనులో వుంది. 2018 నుంచీ అలా చూపినా చెల్లుతుంది. ఫోనులో మాత్రం చార్జింగు లేదు. కొన్నాళ్ళకు కోర్టు సమను వచ్చింది. అందులో వున్న మాట, 'లైసెన్సు లేకుండా' అని.

కిళ్ళీ కొట్టు దగ్గర సలహాలకు కొదవా? "చేతులు కట్టుకుని ఒప్పేసుకోరా, మధ్యాహ్నానికి ఇంట్లో వుంటావు" అన్నారట అందరూ. వీడూ దానికే సిద్ధపడి, పోతూ పోతూ ఆ కాగితం నాకు చూపించాడు. "అయిదువేలు పోతే పోయాయి మాస్టారూ, కోర్టు చుట్టూ తిరగలేను" అన్నాడు.

"ఒరే అబ్బాయ్, నువ్వు ఆర్టీసీలో డ్రైవరు పనికి దరఖాస్తు పెడతానన్నావు కదూ? లైసెన్సు లేకుండా బండి నడిపానని నీ నోటితో నువ్వే ఒప్పుకుంటే, రేపు వాళ్ళు అడిగినప్పుడు ఏం చెబుతావు?" అన్నాను. వాడి ముఖం వాడిపోయింది.

ఇక్కడ మన మర్యాద మన కొంప ముంచుతుంది సుమండీ. పెద్దవాళ్ళు కోప్పడితే, తప్పు మనదైనా కాకపోయినా, "తప్పైపోయిందండీ" అనడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంట్లో ఆ మాటతో గొడవ చల్లారుతుంది. కోర్టులో అదే మాట నేరం ఒప్పుకోలుగా రికార్డులోకి ఎక్కుతుంది. ఇటువంటి కేసుల్లో మేజిస్ట్రేటుగారు అభియోగం సారాంశం వినిపించి, ఒప్పుకుంటావా, చెప్పుకోవలసినదేమైనా వుందా అని అడిగి తీరాలి. 2024 జూలై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహితలో అది 274వ సెక్షను; అంతకు ముందు పాత స్మృతిలో 251. ఆ ప్రశ్నలో రెండో సగం కూడా మన కోసమే వుంది. మనం మొదటి సగానికే తల వూపి వచ్చేస్తున్నాం.

సరే, ఒక ప్లీడరుగారిని చూశాం. ఒప్పుకోనన్నాడు కాబట్టి వాయిదా పడింది. ఒకటి కాదు, రెండు. కాపు మాంచి జోరు మీదున్న రోజుల్లో రెండు రోజుల పని పోవడమంటే తోట పట్టినవాడికే తెలుస్తుంది ఆ బాధ. తండ్రి నన్ను చూసే చూపు కూడా కాస్త మారింది. రెండో వాయిదాలో సాక్షిని ప్లీడరుగారు అడిగింది ఒక్కటే: "ఇతని లైసెన్సు వివరం 'సారథి' రికార్డులో చూశారా?" చూడలేదన్నాడు. అది కారు లైసెన్సు, సరుకు బండికి పనికిరాదని ఇంకో మాట లేచింది. దానికి జవాబు సుప్రీంకోర్టే చెప్పివుంది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, బరువు 7,500 కిలోలకు లోబడిన రవాణా వాహనాన్ని లైట్ మోటారు వాహనం లైసెన్సుతో నడపవచ్చునని తీర్పిచ్చింది. మావాడి ట్రాలీ అందులో సగం కూడా తూగదు. కేసు కొట్టేశారు.

ప్లీడరు ఫీజుకు జంకేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, పిల్లలకూ, షెడ్యూల్డు కులాల, తెగలవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. ఆదాయం తక్కువైన తక్కినవారికీ ఇస్తారు. కోర్టు ఆవరణలో న్యాయసేవా కమిటీ ఎక్కడని అడిగితే చూపిస్తారు.

ఇక కెమెరా తీసిన చలానాల సంగతి. 2021లో వచ్చిన 167ఏ నిబంధన ప్రకారం నోటీసులో తప్పు జరిగినట్లు ఫొటో, బండి నంబరు, చోటు, తేదీ, వేళ వుండాలి. డబ్బు కట్టేముందు ఆ ఫొటోలో బండి మీదేనా అని కళ్ళజోడు పెట్టుకుని చూడండి.

ఇదంతా చదివి, నిజంగా తప్పు చేసినవారు కూడా వాదించవచ్చునని సంబరపడకండి. హెల్మెటు లేకుండా పోయి ఫొటోలో పడితే వెయ్యీ కట్టెయ్యడమే మర్యాద. పద్ధెనిమిదేళ్ళు నిండని కుర్రాడికి బండి తాళం ఇస్తే, 199ఏ కింద తండ్రికే 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా ఖైదు. పైగా బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు. మా కాలేజీ ఇంటర్ పిల్లలు రోజూ ఏ బళ్ళమీద దిగుతున్నారో నేను చూస్తూనే వున్నాను. ఆ తండ్రులకు మాత్రం నేను ప్లీడరును చూపించను.