చారలు చూచి ఎర వేయుడు



మామిడిలో గాని కాకరలో గాని పురుగు కనబడినచో మనము "పండు ఈగ" యని ఒకే మాటతో సరిపుచ్చుచున్నాము. సంఘమువారును ఒకే రకపు ఎరను తెప్పించి అందరికిని పంచుచున్నారు. ఇది సొమ్ము వ్యర్థమగు పద్ధతి యని నా యభిప్రాయము.

పరులను తప్పుపట్టుటకు ఇది వ్రాయుటలేదు. మొదట తప్పు చేసినవాడను నేనే. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కాకర పందిరిలో మిథైల్ యూజినాల్ బుడ్లు కట్టించితిని. ప్రక్క జామతోటలోని ఈగలు వచ్చి వానిలో గుట్టగా పడినవి. బుడ్లు నిండినవని రైతు సంతసించెను. కాకరకాయలు మాత్రము క్రుళ్ళుచునే యుండెను.

కావున ఈగను తెల్లకాగితముపై నుంచి భూతద్దముతో చూడుడు. కందిరీగను పోలిన యీ యీగల వీపున పసుపు చారలుండును. ఇరుప్రక్కల రెండు చారలే యుండి, రెక్క ముందంచున సన్నని గోధుమవన్నె గీత కొనదాక సాగి, కడుపుపై ఇంగ్లీషు 'టీ' యక్షరము వంటి నల్లని గుర్తున్నచో అది బాక్ట్రోసెరా డోర్సాలిస్. చారలు రెండే యుండి, ఒడలు ఎర్రనై, రెక్కకు గీత లేక కొనను చుక్క మాత్రమే యున్నచో అది బాక్ట్రోసెరా జోనాటా. ఈ రెండును మామిడి, జామలను చెరచును. వీని మగ యీగలు మిథైల్ యూజినాల్‌కు వచ్చును. నడుమ మూడవ చార యుండి, రెక్కపై అడ్డముగా మచ్చ యున్నచో అది కాకర, బీర, పొట్ల, దోసల యీగ. దీనికి క్యూ లూర్ కావలెను.

"పండితులకే తెగని పేర్లు మాకేల?" అని కొందరందురు. నిజమే; 2005లో ఆఫ్రికాయందు కొత్త జాతియని పేరు పెట్టిన యీగ మన డోర్సాలిసే యని 2015లో తేల్చిరి. పేరు మారినను అది వచ్చు ఎర మారలేదు. రైతునకు కావలసినది అదియే.

ఎర మగ యీగలనే లాగును. ఆడుది కాయలో గ్రుడ్లు పెట్టుచునే యుండును. రాలిన కాయలను ప్రతిదినము ఏరి లోతుగా పూడ్చనిచో, పురుగు మట్టిలో దిగి మరల ఈగయై లేచును. ఈ యీగల మూలముననే 2014 మే నెలలో ఐరోపా సమాఖ్య మన దేశపు మామిడిని నిషేధించి, 2015లో గాని విడువలేదు. ఒక తోటలోని అశ్రద్ధ అందరి పంటకును తగులును.

నా సూచన యొక్కటే. పుచ్చిన కాయను పొడిమట్టి పోసిన సీసాలో నుంచి మూతికి పలుచని గుడ్డ కట్టుడు. కొలది వారములలో వెలువడు ఈగలే మీ కాయను తిన్న ఈగలు. వానిని సంఘమునకు తెండు. సంఘమువారు ఒక భూతద్దము నుంచి, చారలు చూచిన పిమ్మటనే ఎర తెప్పింతురు గాక.