టెక్సాస్ శాసనసభ్యులకు: 2023కు ముందు శిక్ష పడ్డవాళ్ల సంగతేమిటి?

గౌరవనీయులైన సభ్యులకు,

డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. పౌరసత్వం తీసుకున్నాక జ్యూరీ పిలుపూ తప్పదు. రేపు మా ముందు నిలబడి వేలు చూపించే సాక్షిని ఎంతవరకు నమ్మాలన్నది అందుకే మాకూ పట్టిన విషయం.

హిప్నాసిస్‌తో రాబట్టిన సాక్ష్యం కోర్టులో చెల్లకూడదని 2021లో మీరు పాస్ చేసిన బిల్లును గవర్నర్ వీటో చేశారు. పట్టువదలకుండా 2023లో చట్టం చేయించారు. మంచిపనే. కానీ పాత కేసులకు అది వర్తించదు. అలాంటి ఒక పాత కేసులో శిక్ష పడ్డ చార్లెస్ ఫ్లోరెస్ 1999 నుంచి మరణశిక్ష ఖైదీగానే ఉన్నాడు.

అతని కేసు ఇది: 1998 జనవరిలో ఫార్మర్స్ బ్రాంచ్‌లో ఒక మహిళ హత్యకు గురైంది. ఆ ఉదయం ఇద్దరు మగవాళ్లు కారు దిగడం పొరుగింటావిడ కిటికీలోంచి చూసింది. ఇద్దరూ తెల్లవాళ్లే, పొడుగు జుట్టుందని చెప్పింది. ఫ్లోరెస్ లాటినో, జుట్టు పొట్టి. ఆవిడను హిప్నాసిస్‌లోకి దించిన పోలీసు అధికారి అంతకుముందు ఎవరిమీదా ఆ పని చేసినవాడు కాదు. రానురాను ఇంకా విషయాలు గుర్తొస్తాయని కూడా ఆవిడతో అన్నాడు. తర్వాత ఫొటోలు చూపిస్తే ఫ్లోరెస్‌ను గుర్తుపట్టలేదు. ఏడాది దాటాక, కోర్టులో నిందితుడి కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి మాత్రం ఇతనే అంది! ఆవిడ అబద్ధమాడిందని నేననను. నిజంగానే నమ్మి ఉంటుంది, చిక్కంతా అక్కడే. హిప్నాసిస్ జ్ఞాపకాన్ని పెంచకపోయినా నమ్మకాన్ని పెంచుతుంది. నమ్మకంగా చెప్పే సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్ కదిలించలేదు.

1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 26 మంది పిల్లలతోపాటు కిడ్నాపైన బస్సు డ్రైవర్ హిప్నాసిస్‌లోనే దుండగుల వ్యాన్ నంబర్ చెప్పాడు కదా అంటారు. నిజమే. అయితే నంబరు తప్పో ఒప్పో రికార్డుల్లో చూసి తేల్చుకోవచ్చు. ముఖాన్ని దేనితో సరిచూస్తారు? నేను పుట్టిన దేశంలో 2010లో సుప్రీంకోర్టు నార్కో పరీక్షల విషయంలో ఇలాంటి గీతే గీసింది: ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితాలు సాక్ష్యం కావు, వాటి సాయంతో దొరికిన వస్తువును మాత్రం చూపవచ్చు.

ఫ్లోరెస్ నిర్దోషో కాదో తేల్చడం నా పని కాదు. కొత్త శాస్త్ర ఆధారాలు వస్తే శిక్షను సవాలు చేసుకోవచ్చని 2013లో మీరే చట్టం తెచ్చారు. దాని కింద అతను పెట్టుకున్న అర్జీని క్రిమినల్ అప్పీళ్ల కోర్టు 2020లో తోసిపుచ్చింది. మిగిలిన దారి మీ చేతుల్లోనే ఉంది. వచ్చే సమావేశాల్లో 2023 చట్టాన్ని సవరించండి. హిప్నాసిస్ సాక్ష్యం మీద శిక్ష పడ్డ ప్రతి ఒక్కరికీ, ఆ సాక్ష్యాన్ని పక్కనపెట్టి జరిగే కొత్త విచారణను హక్కుగా ఇవ్వండి.

ఇట్లు,
డల్లాస్ శివారులో నివసించే ఒక తెలుగు ఓటరు